చూడకుండా చూసి రావడం ఎలా?

శని, ఆదివారాల్లో కొత్త నగరం చూడటానికి వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పటికీ శిల్పం ముందు నిలబడి, దాన్నే చూస్తున్నారని తెలుస్తోంది. ఇది ఆందోళనకరం. ఫోటో కోసం వెనక ఎంతమంది కాచుకుని ఉన్నారో వీళ్లకు పట్టదు.

తెలిసినవాళ్లు కళను చేత్తో ఆస్వాదిస్తారు. న్యూయార్క్‌లోని కంచు ఎద్దునే తీసుకోండి. 1989 డిసెంబరులో ఆర్టురో డి మోడికా దాన్ని ఎవరి అనుమతీ లేకుండా రాత్రికి రాత్రే స్టాక్ ఎక్స్ఛేంజి ముందు దించేసి పోయాడు. మూడు టన్నులు దాటిన ఆ జంతువు ఎవరి మీదికి కొమ్ములు విసురుతోందో ఆలోచించే తీరిక మనకెక్కడిది? ముందు ముక్కూ కొమ్ములూ రుద్దాలి. తర్వాత వెనక్కి వెళ్లి, పెద్దమనుషులు పేరెత్తని చోట రుద్దాలి. అదృష్టం అక్కడుందట. ఒళ్లంతా రంగు ముదిరినా ఆ భాగాలు మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి. కళాఖండంలో ముఖ్యమైనదేదో ఇంత స్పష్టంగా ఏ విమర్శకుడూ తేల్చలేకపోయాడు.

ఇటలీలోని వెరోనాలో ప్రేమ ఫలిస్తుందని షేక్‌స్పియర్ నాయిక జూలియట్ విగ్రహం కుడి రొమ్ము మీద చెయ్యి వేసి వేసి, కంచు కూడా పగుళ్లిచ్చేలా చేశారు. 2014లో అసలు విగ్రహాన్ని లోపలికి చేర్చి నకలు నిలబెట్టారు. ప్రేమకు లోటేమీ రాలేదు.

బ్రసెల్స్‌లో ఉచ్చపోసే బుడ్డోడి విగ్రహం (మానెకెన్ పిస్) ఎత్తు 55 సెంటీమీటర్ల పైచిలుకు. "దీనికా ఇంతదూరం వచ్చింది!" అని నిట్టూర్చడం దర్శన విధుల్లో భాగం. వీధిలో ఉన్నది నకలే, అసలువాడు మ్యూజియంలో ఉన్నాడు. తెలిసినా అటు వెళ్లకండి, లోపల లైటింగ్ సరిపోదు.

సందర్శకుడి మనసెరిగిన శిల్పి నాకు ఒక్క అనీష్ కపూరే కనిపిస్తాడు. షికాగోలో 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలను అతుకు కనబడకుండా మెరుగుపెట్టించి, 2006లో పూర్తిచేసిన ఆయన క్లౌడ్ గేట్ అనే అద్దంలాంటి శిల్పంలో ఎటు చూసినా మనమే. ఆకాశమూ కనిపిస్తుంది గానీ, ఫోన్ కాస్త దించితే పోతుంది.

ఇక స్థానిక సంస్కృతి. దీనికి టైమింగ్స్ ఉండవు, అదే చిక్కు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, నెపోలియన్‌ను ఓడించిన సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ విగ్రహమై గుర్రమెక్కి ఠీవిగా కూర్చుని ఉంటాడు, నెత్తి మీద ట్రాఫిక్ కోన్. ఎవరో ఎక్కి పెడతారు, సిబ్బంది తీసేస్తారు, మళ్లీ ఎవరో పెడతారు. 2013లో నగరపాలక సంస్థ దిమ్మె ఎత్తు పెంచి ఈ తంతు ఆపుదామనుకుంటే, జనం గోల చేసి ఆ ఆలోచన మానిపించారు. దశాబ్దాలుగా ఒక ఊరు తనలో తాను నవ్వుకుంటున్న జోకు అది. అర్థం కావాలంటే అక్కడివాళ్లెవరితోనైనా కూర్చుని కాసేపు మాట్లాడాలి. మనకేమో ఆదివారం సాయంత్రం ట్రైన్.

కాబట్టి నగరపాలక సంస్థవారికి నా విన్నపం: కోన్ పెట్టే కార్యక్రమాన్ని ప్రతి శనివారం ఉదయం పదకొండింటికి, టికెట్ పెట్టి జరిపించండి. ఎక్కే కుర్రాడు కాస్త నెమ్మదిగా ఎక్కితే వీడియోకి బాగుంటుంది.