సూక్ష్మాక్షర సత్యసంధులు

అమెరికా అంతర్యుద్ధం నాటి వర్తకుల నిజాయితీని శంకించే పాపాత్ములు వాళ్ళు చిల్లర నాణేలకు బదులు సొంతంగా అచ్చేయించి ఇచ్చిన 1863 నాటి కొన్ని రాగి బిళ్ళలను భూతద్దం కింద పెట్టి చూడాలి. ‘వన్ సెంట్’ అని బొద్దుగా కనిపిస్తుంది. దాని నెత్తిన చీమ తలకాయంత ‘నాట్’. కలిపి చదివితే ‘ఒక సెంటు కాదు’. ఉన్న మాటే చెప్పారు మహానుభావులు! కనపడలేదంటే తప్పు మీ చత్వారానిది.

1861 డిసెంబరు చివర్లో బ్యాంకులు నోట్లకు బంగారం ఇవ్వడం మానేశాయి. బంగారం, వెండి సరే, మరుసటి ఏడాదికి 88 పాళ్ళు రాగి, 12 పాళ్ళు నికెల్ ఉన్న సెంటు కూడా పెట్టెల్లో దాక్కుంది. చిల్లరకి తపాలా బిళ్ళలు ఇస్తే జిగురంతా వేళ్ళకే. గాల్ట్ అనే ఆయన వాటిని ఇత్తడి చట్రంలో బిగించి, పైన అభ్రకం తొడిగి అమ్మాడు. అది కాస్త ముచ్చటైన పనే.

వర్తకుడికి అంత శ్రమ దేనికి? అచ్చులు చెక్కేవాడి దగ్గర ఒక వైపు బొమ్మ సిద్ధంగానే ఉంటుంది. రెండో వైపు కొట్టు పేరు చెక్కిస్తే చాలు. సైజు సెంటంతే, సుమారు 19 మిల్లీమీటర్లు. ఖర్చు మాత్రం సెంటులో కొంత. తిరిగి రాని ప్రతి బిళ్ళా వడ్డీ లేని అప్పు, పైగా తీర్చక్కర్లేని అప్పు. ఇలాంటివి రెండున్నర కోట్లు పుట్టాయని అంచనా.

న్యూయార్క్ మద్యం కొట్టు యజమాని లిండెన్‌ముల్లర్ ఒక్కడే పది లక్షలకు పైగా వదిలాడు. ఒక వైపు గడ్డం మొహం, రెండో వైపు నురగ పొంగే బీరు గ్లాసు. థర్డ్ ఎవెన్యూ గుర్రపు ట్రాముల కంపెనీ ఛార్జీల కింద వీటిని బుద్ధిగా పోగేసుకుని, డబ్బిమ్మని అడిగింది. ఆయన నవ్వి పొమ్మన్నాడు. కంపెనీ గుమాస్తా అవస్థ ఊహించండి: బల్ల మీద గడ్డాలు, బల్ల కింద గడ్డాలు, మూటల్లో గడ్డాలు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి గడ్డం నుంచి!

కంపెనీ తట్టుకుంటుంది. సాయంత్రం కూలి డబ్బుల్లో ఈ రేకులు కలిసొచ్చినవాడి సంగతో? 1864 జూన్ 8 చట్టం ఇకమీదట ఇలాంటివి చేసినా నేరమే, చలామణీ చేసినా నేరమే అంది: 3,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. అప్పటికే అచ్చేసి సొమ్ము చేసుకున్నవాడు హాయిగా గల్లా సర్దుకున్నాడు. జేబులో నాలుగు బిళ్ళలు మిగిలినవాడు రొట్టెల కొట్టు ముందు చెయ్యి చాపితే దొంగయ్యాడు.