కుటుంబం సంగతి తరువాత, ముందు ఆయాను టీ తాగనివ్వండి

మొన్న ఒక పిల్లల సంరక్షణ కేంద్రం వారి ఉద్యోగ ప్రకటన నా కంటపడింది. "మాది కేవలం ఉద్యోగం కాదు, ఒక కుటుంబం" అని పెద్ద అక్షరాలతో వేశారు గాని, జీతం ఎంతో మాత్రం ఎక్కడా వేయలేదు. నేను బరంపురంలో 5 ఏళ్లు పనిచేసిన చోట కూడా ఇదే మాట గోడ మీద ఉండేది. మన కుటుంబాలలో అందరికన్నా ముందు లేచేదెవరో, అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినేదెవరో, ఏ వస్తువు పోయినా మాట పడేదెవరో తెలిసిన ఆడవారికి ఆ మాట ధైర్యం ఇవ్వదు సరికదా, కొంచెం భయం పుట్టిస్తుంది. కుటుంబమని చెప్పుకొనే ప్రతి కేంద్రంలోనూ ఒక చిన్నకోడలు ఉంటుంది. మా దగ్గర ఆమెను మావుసి అనేవారు.

ఒడియాలో మావుసి అంటే పిన్ని. టీచర్లు దిదీలు, నడిపే ఆవిడ మేడమ్, ఆయా మావుసి. పిలుపు ఆదరమైనదే, దానిని నేను తప్పు పట్టను. కాని ఆమె అసలు పేరు నేను విన్నది జీతాలు పంచే రోజులలో మాత్రమే. ఆమె ఇచ్ఛాపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఒడియా అర్థమయ్యేది గాని నోరు తిరిగేది కాదు. మా సమావేశాలన్నీ ఒడియాలో జరిగేవి కనుక ఆమె గుమ్మం దగ్గర కూర్చుని వినేది.

తెలుగు ఇంటి నుంచి వచ్చే రెండున్నరేళ్ల పిల్లవాడొకడు మధ్యాహ్నం పడుకోబెట్టేసరికి "బొంత, బొంత" అని ఏడ్చేవాడు. ఒడియా టీచరు అది తినే వస్తువేమో అనుకుని రెండు రోజులు బిస్కెట్లు ఇచ్చి చూసింది. మూడో రోజు మావుసి తన సంచిలోని పాత నేతచీరను నాలుగు మడతలు వేసి కప్పితే, వాడు అంచు పట్టుకుని నిద్రపోయాడు. బిడ్డ గురించి ఆ కేంద్రంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని, ఆ నెల సమావేశంలో ఎవరూ ఒక్క మాట అడగలేదు.

తరువాత కొన్నాళ్లకు అదే గదిలో ఒక పాప మరో పాప చేతిని కొరికింది. మాటలు పూర్తిగా రాని వయసులో కొరకడం మామూలే, ఈ పని చేసేవారందరికీ అది తెలుసు. ఆ సమయానికి గదిలో 18 మంది పిల్లలు ఉన్నారు. టీచరు మేడమ్ చెప్పినట్టే తల్లులకు ఫోనులో ఫొటోలు పంపుతోంది. మావుసి ఒక బిడ్డకు తడి బట్టలు మారుస్తోంది. సాయంత్రం ఆ పాప తల్లి ఎదుట, మిగిలిన తల్లులు వింటుండగా, "మావుసికి ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనండీ" అన్నది మేడమ్. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు. నెలాఖరుకు ఆమె మానేసింది. పాత చీరను పిల్లవాడికి వదిలేసి వెళ్లింది.

సర్కారు వారిదీ పెద్ద భిన్నమైన కథ కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద నడిచే అంగన్‌వాడీలలో ఈనాటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం లెక్క ప్రకారం కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, సహాయికకు అందులో సగం, 2,250. దానిమీద రాష్ట్రాలు వేసేది వేరు. వారికి గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. 2017లో సవరించిన ప్రసూతి చట్టం 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ అన్నది. మంచి చట్టమే. ఆ నాలుగుసార్లూ తలుపు తీసే మనిషి పొద్దుటి నుంచి ఒక్కసారైనా కూర్చున్నదా అని మాత్రం ఎవరికీ తోచదు.

ఇప్పుడు పర్లాకిమిడిలో ఒక చిన్న కేంద్రం బాధ్యత నాది. మంచి మనసున్నవారిని ఏరుకుంటే దయ దానంతటదే వస్తుందని మొదట్లో నేనూ అనుకున్నాను. మంచి మనసున్న మనిషి కూడా నాలుగు గంటలు మూత్రానికి వెళ్లలేకపోతే పిల్లల మీద అరుస్తుంది. ఇది ఒకరి గురించి విన్నది కాదు, నేనే అరిచాను. అందుకని 11 గంటలకు ఒకసారి, 3 గంటలకు ఒకసారి నేను గదిలో కూర్చుంటాను, ఆ పది నిమిషాలూ ఆయా బయట టీ తాగుతుంది. దెబ్బలు, కొరుకుళ్లు రాసే పుస్తకంలో "ఎవరి తప్పు" అనే గడి తీసేసి "అప్పుడు గదిలో ఎంతమంది ఉన్నారు" అని పెట్టాము. సమావేశంలో ముందు ఆయాలు మాట్లాడతారు, తెలుగులోనైనా సరే, ఒడియాలోనైనా సరే, సవర భాషలోనైనా సరే; తెలిసినవారు తక్కినవారికి చెబుతారు, దానివల్ల అరగంట పని గంట అవుతుంది. రజ పండుగ మూడు రోజులూ ఒడియావారి పని తెలుగువారు చూస్తారు, ఉగాదికీ సంక్రాంతికీ వారు మాకు చూస్తారు.

అందరూ కలిసిపోయారని మాత్రం చెప్పను. మా టీచర్లలో ఇద్దరికి ఇప్పటికీ పడదు, కారణం పాత చీటీల డబ్బు. వారిని కలిపే ప్రయత్నం నేను మానుకున్నాను. పూట మారేటప్పుడు ఏ బిడ్డ తిన్నది, ఏ బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉన్నది పూర్తిగా చెప్పుకుంటే నాకు చాలు, స్నేహం వారి ఇష్టం.

ఆ ప్రకటనలోని నంబరుకు ఫోను చేశాను. ఆయాకు జీతమెంత అంటే "ముందు వచ్చి కలవండి" అన్నారు. మధ్యాహ్నం ఆమె ఎన్నింటికి భోంచేస్తుందని అడిగాను. "పిల్లలందరూ పడుకున్నాక" అని జవాబు వచ్చింది. ఇన్నేళ్లలో పిల్లలందరూ ఒకేసారి పడుకున్న మధ్యాహ్నం నాకు ఒక్కటీ గుర్తు లేదు.