సవరణ: యాకోబు పలకరింపులో ‘కృప’ లేదు

బైబిలు కొత్త నిబంధనలోని అపొస్తలుల (యేసు పంపిన ముఖ్య శిష్యుల) పత్రికలన్నీ, అంటే ఉత్తరాలన్నీ, ‘కృపయు సమాధానమును’ అనే దీవెనతోనే మొదలవుతాయని మొన్న రాశాను. అది తప్పు. పౌలు, పేతురుల అలవాటును అందరికీ అంటగట్టాను. హెబ్రీయులకు రాసిన పత్రికలో, యోహాను మొదటి పత్రికలో అసలు పలకరింపే లేదు.

యాకోబు పత్రిక 1:1 చూడండి: ‘శుభమని చెప్పి వ్రాయునది’. గ్రీకులో ఆ మాట ‘ఖైరెయిన్’. ఆ రోజుల్లో మామూలు జనం ఉత్తరాల్లో రాసుకున్న పలకరింపే అది. అపొస్తలుల కార్యములు 15:23లో యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరంలోనూ అదే ఉంది. ఆ ఉత్తరం పంపాలని నిర్ణయించిన సభలో మాట్లాడినవాళ్లలో యాకోబు కూడా ఉన్నాడు కాబట్టి ఈ పోలికను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇంకో సంగతి. ‘ఖైరెయిన్’ అంటే ఆనందించడం. వెంటనే 2వ వచనంలో శోధనలను, అంటే కష్టాలను, ‘మహానందమని యెంచుకొనుడి’ అంటాడు. గ్రీకులో రెండు మాటలకూ మూలం ఒకటే. తెలుగులో ‘శుభము’ అనేసరికి ఆ లంకె కనబడదు.