‘ఊరి పన్నులతో బేబీ సిట్టింగా?’ అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ వారంలో ఒకే ఫార్వర్డ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది, ఒక గ్రూపులో అయితే ఒకే రోజు రెండుసార్లు. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: మునిసిపాలిటీలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చైల్డ్ కేర్ సబ్సిడీల పేరుతో జనం పన్నులు తగలేస్తున్నాయి, పిల్లల్ని చూసుకోవడం కన్నవాళ్ళ పని, సబ్సిడీ ఇస్తే జనం సోమరులవుతారు, డబ్బంతా ఆఫీసు జీతాలకే పోతుంది, ఇవ్వాలంటే పై ప్రభుత్వం ఇస్తుంది లోకల్ వాళ్ళకెందుకు, కెనడాలోని క్వెబెక్ ప్రావిన్స్‌లో చేసి చూశారు పిల్లలు పాడయ్యారు, ఇక చైల్డ్ వెల్ఫేర్ (పిల్లల రక్షణ శాఖ) అంటే ఇళ్ళలోంచి పిల్లల్ని లాక్కెళ్ళడమే, దానికి మళ్ళీ బడ్జెట్టా. కింద "నిజమనిపిస్తే షేర్ చేయండి" అని. నాకైతే అనిపించలేదు. ఒక్క పాయింట్‌లో సగం నిజం ఉంది, దాన్ని దాటేయను, వరసలో వస్తుంది.

"కన్నవాళ్ళ పని" అన్నారు. కాదన్నదెవరండీ? సబ్సిడీ తీసుకునేవాళ్ళు కూడా రాత్రి రెండింటికి లేచి పాలు పడుతున్నారు, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇక్కడ మాట్లాడేది వాళ్ళు పనిలో ఉండే ఎనిమిది తొమ్మిది గంటల గురించి. ఆ గంటలు ఎందుకంత ఖరీదో ఒక్కసారి చేతివేళ్ళ మీద లెక్కేసుకోండి. ఇంగ్లండ్ రూల్ ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలి. అంటే ఒక మనిషి పూర్తి జీతాన్ని మూడు కుటుంబాలు పంచుకోవాలి. సెంటర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది గంటలు తెరిచి ఉంచాలి, మనిషి షిఫ్ట్ ఎనిమిది గంటలే, మధ్యలో భోజనానికి లేవాలి, ఒకరోజు ఒంట్లో బాగోదు, కాబట్టి ఆ ముగ్గురు పిల్లలకి ఒక మనిషి చాలదు, ఒకటింపావో ఒకటిన్నరో కావాలి. పైన అద్దె, కరెంటు, ఇన్సూరెన్స్. ఇప్పుడు ఆ తల్లిదండ్రుల్లో ఒకరు సంపాదించేది దాదాపు అంతే జీతం అనుకోండి, సగం దాకా ఇక్కడే పోతుంది, ఇద్దరు పిల్లలుంటే ఇంక పనికెళ్ళడమే దండగ. ఇందులో ఎవరి దుబారా లేదు, సెంటర్ వాళ్ళు దోచుకుంటున్నదీ ఏమీ లేదు, ముగ్గురు పసిపిల్లల్ని ఒక మనిషి ఇంతకంటే వేగంగా చూసుకోలేరు, అంతే. యంత్రం పెట్టి రేటు తగ్గించే పని కాదిది.

అందుకే చాలాచోట్ల ఆ లెక్కలో ఊరు కూడా చెయ్యి వేస్తుంది. డెన్మార్క్‌లో డేకేర్ నడిపే ఖర్చులో తల్లిదండ్రుల దగ్గర 25 శాతానికి మించి వసూలు చేయకూడదు, మిగతాది మునిసిపాలిటీ భరిస్తుంది. స్వీడన్‌లో 2002 నుంచి ఫీజుకి సీలింగ్ ఉంది, మొదటి బిడ్డకి ఆదాయంలో 3 శాతం, రెండో బిడ్డకి 2, మూడో బిడ్డకి 1, నాలుగో బిడ్డకి అసలు లేదు. అన్నట్టు ఒకటి గమనించారా, ఆరేళ్ళ పిల్లాడు ప్రభుత్వ బడికి వెళ్తే ఎవరూ దాన్ని ఫ్రీ బేబీ సిట్టింగ్ అనరు. అదే పిల్లాడు బడి వయసుకి మూడు నెలల ముందు ఉంటే మాత్రం "మీ పిల్లాడు, మీ తలనొప్పి". ఆ మూడు నెలల్లో పిల్లాడిలో ఏం మారిందో ఫార్వర్డ్ రాసినాయన చెప్పాలి.

తర్వాత సోమరితనం పాయింట్. దీనికి నాకు నిజంగానే కోపం వచ్చింది, ఎందుకంటే నేను కొన్నేళ్ళు ఈ అప్లికేషన్లు నింపడంలో జనానికి సాయం చేశాను. చాలా సబ్సిడీలకి మొదటి షరతే పని చేస్తుండాలి, లేదంటే చదువుతూనో ట్రైనింగ్‌లోనో ఉండాలి అని, అమెరికాలో 1990లో మొదలైన ఫెడరల్ చైల్డ్ కేర్ గ్రాంట్ కూడా ప్రధానంగా అలా పని చేసే కుటుంబాల కోసమే పెట్టింది. ఒకావిడ నాకు బాగా గుర్తు, చేతిలో నలిగిపోయిన మూడు పే స్లిప్పులు, మూడింట్లో మూడు రకాల గంటలు, ఫారంలో మాత్రం "వారానికి ఎన్ని గంటలు" అని ఒకే ఒక్క గడి. ఏ నంబర్ వేసినా అబద్ధమే అవుతుందని పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది, మేనేజర్ ఎక్స్‌ట్రా షిఫ్ట్ ఇస్తానంటున్నాడు తీసుకోవచ్చా అని. ఎందుకడిగిందంటే ఆ షిఫ్ట్ తీసుకుంటే ఆదాయం గీత దాటి సబ్సిడీ మొత్తం పోతుంది, వచ్చే డబ్బు కంటే పోయేది ఎక్కువ. ఆవిడ ఆ షిఫ్ట్ వద్దంది. దూరం నుంచి చూసినవాడికి అది బద్ధకంలా కనిపించొచ్చు, కానీ ఆవిడ చేత వద్దనిపించింది ఆ రూలు, ఆ లెక్క. దీన్ని సరిచేయడానికే అమెరికాలో 2014లో చట్టం మార్చి, ఒకసారి అర్హత వస్తే 12 నెలలు ఉంచాలి, ఆదాయం పెరిగితే ఒక్కసారిగా కాకుండా దశలవారీగా తగ్గించాలి అన్నారు. మరి సబ్సిడీతో జనం పని మానేస్తారన్నది నిజమైతే చవగ్గా డేకేర్ ఇచ్చిన క్వెబెక్‌లో మానేయాలి కదా, అక్కడ తల్లుల ఉద్యోగాలు పెరిగాయి, ఆ స్కీమ్‌ని తిట్టిపోసిన పరిశోధకులే ఆ మాట రాశారు.

"డబ్బంతా జీతాలకే". అవును, జీతాలకే! చైల్డ్ కేర్ అంటేనే మనుషులు. డైపర్ మార్చేది మనిషే, కింద పడితే ఎత్తుకునేది మనిషే. డ్రైవర్ జీతం లేకుండా బస్సు నడపండి అన్నట్టుంది ఈ వాదన. ఆఫీసులో ఫైళ్ళు తిప్పేవాళ్ళ ఖర్చు గురించి అడిగితే అది వేరే, అడగాలి కూడా, పైన చెప్పిన అమెరికా గ్రాంట్‌లో రాష్ట్రాలు అడ్మినిస్ట్రేషన్‌కి 5 శాతం మించి వాడకూడదని లిమిట్ ఉంది. పిల్లల్ని చూసుకునేవాళ్ళ జీతాన్నీ ఆఫీసు జీతాన్నీ ఒకే సంచిలో వేసి ఊపితే ఏ అంకె కావాలంటే ఆ అంకె రాలుతుంది.

ఇక "పై ప్రభుత్వం ఇస్తుంది కదా" అనేది. చూడ్డానికి బాగానే ఉంటుంది, తెలివైనవాళ్ళు కూడా ఇక్కడే బోల్తా పడతారు. పై ప్రభుత్వం సాధారణంగా చట్టం ఇస్తుంది, డబ్బులో ఒక వాటా ఇస్తుంది. స్థలం వెతకడం, సెంటర్ తెరిపించడం, వెయిటింగ్ లిస్ట్ నడపడం, ఎవరి అప్లికేషన్ ముందు తీయాలో చూడడం, ఇదంతా కింద ఉన్నవాళ్ళ మెడకే. కెనడాలోనే ఇంకో ప్రావిన్స్ ఒంటారియోలో ఈ పని 47 లోకల్ సంస్థల చేతిలో ఉంది, ఫీజు సబ్సిడీ ఖర్చుని చాలాకాలం ప్రావిన్స్ 80 శాతం, లోకల్ 20 శాతం లెక్కన పంచుకున్నారు. ఇలాంటి జోడీ లెక్కలున్నచోట మన 20 మిగుల్చుకుందాం అనుకుంటే పక్కనున్న 80 కూడా కదలకపోవచ్చు, పొదుపు అనుకున్నది కాస్తా ఎదురొచ్చే డబ్బుని గుమ్మంలోంచి తిప్పి పంపడం అవుతుంది. ఇంకో గమ్మత్తు చూడండి. జర్మనీలో 2013 ఆగస్టు 1 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ డేకేర్‌లో చోటు చట్టబద్ధమైన హక్కు. చట్టం చేసింది బెర్లిన్‌లో, చోటు చూపించాల్సింది మాత్రం ఊళ్ళు. లైప్‌జిగ్‌లో ముగ్గురు తల్లులకి టైముకి చోటు దొరకలేదు, ఉద్యోగానికి తిరిగి వెళ్ళలేక పోగొట్టుకున్న జీతం ఇప్పించమని కేసేశారు. 2016 అక్టోబర్‌లో జర్మనీ ఫెడరల్ కోర్టు ఏమందంటే అలా పోయిన జీతాన్ని పరిహారంగా అడగొచ్చు అంది, నగరం తప్పు ఉందో లేదో తేల్చమని కింది కోర్టుకి పంపింది, అయితే మా దగ్గర డబ్బు లేదు అనే సాకు మాత్రం చెల్లదంది. ఇప్పుడు చెప్పండి లోకల్ వాళ్ళకి సంబంధం లేదని.

పైగా కొన్నిచోట్ల జనమే ఓటేసి మరీ పెట్టుకున్నారు. ఫ్లోరిడాలో పినెల్లస్ కౌంటీ వాళ్ళు 1946లో పిల్లల కోసమే విడిగా ఆస్తి పన్నుకి ఒప్పుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో 1991లో ఆస్తి పన్నులో ఒక భాగం పిల్లల ఫండ్‌కి కట్టేసింది, డెన్వర్ 2006లో ప్రీస్కూల్ కోసం సేల్స్ టాక్స్ కొద్దిగా పెంచుకుంది. వీళ్ళెవరి నెత్తినా ఎవరూ రుద్దలేదు.

సగం నిజం అన్నానే, అది క్వెబెక్. 1997 సెప్టెంబర్‌లో అక్కడ రోజుకి 5 డాలర్ల డేకేర్ మొదలుపెట్టారు, ముందు నాలుగేళ్ళ పిల్లలకి, తర్వాత 2000 కల్లా చిన్నపిల్లలందరికీ. 2008లో బేకర్, గ్రూబర్, మిల్లిగన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల స్టడీ వచ్చింది, పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని, తల్లిదండ్రుల ఆరోగ్యం కూడా కొంత దెబ్బతిందని అన్నారు. ఇది గాలివార్త కాదు, పెద్ద జర్నల్‌లో వచ్చిందే, స్కీమ్‌ని ఇష్టపడేవాళ్ళు దీన్ని చూడనట్టు నటిస్తే నాకు చిరాకు. కానీ ఫార్వర్డ్ వదిలేసింది ఏంటంటే, ఒకేసారి అంతమంది పిల్లలొచ్చి పడేసరికి సీట్లు వేగంగా పెంచారు, సీట్లు పెరిగినంత వేగంగా క్వాలిటీ పెరగలేదు. 2005లోనే వేరే పరిశోధకులు సెంటర్లలోకి వెళ్ళి చూసి చాలావరకు ‘కనీస స్థాయి’లోనే ఉన్నాయన్నారు, లాభం కోసం నడిచేవాటికంటే లాభాపేక్ష లేనివి మెరుగన్నారు. మరి దీన్నుంచి ‘డబ్బు ఆపేయండి’ అనేది ఎలా వస్తుంది? తక్కువ డబ్బుతో ఎక్కువ సీట్లు చూపించాలని ఉరకొద్దు అనేది వస్తుంది, అది ఒప్పుకుంటా. ఇంకోటి, అది ప్రావిన్స్ నడిపిన స్కీమ్, లోకల్ గవర్నమెంట్‌ది కానే కాదు, లోకల్ ఖర్చుని తిట్టే ఫార్వర్డ్‌లోకి అదెలా దూరిందో.

చివరిది, చైల్డ్ వెల్ఫేర్ అంటే పిల్లల్ని లాక్కోవడమే అన్నది. అన్యాయంగా పిల్లల్ని తీసేసిన కేసులు లేవని నేననను, ఆ భయం ఉత్తిది కాదు. కానీ అమెరికా లెక్కల్లో పిల్లల వేధింపు బాధితుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందిది నిర్లక్ష్యం కేసు, కొట్టడం కాదు. నిర్లక్ష్యం అంటే దగ్గర్నుంచి ఎలా ఉంటుందంటే, తల్లికి సాయంత్రం షిఫ్ట్, చూసేవాళ్ళు లేరు, నాలుగేళ్ళ తమ్ముడికి కాపలా ఎనిమిదేళ్ళ అక్క, స్టవ్ ముట్టుకోవద్దని, తలుపు ఎవరు కొట్టినా తీయొద్దని చెప్పి వెళ్ళింది. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు, పిల్లల రక్షణ శాఖ నుంచి కేస్‌వర్కర్ వచ్చింది. ఆ ఇంటికి కావాల్సింది సాయంత్రం పూట ఒక డేకేర్ సీటు. అది లేకపోతే ఆ ఫైల్ ముదిరి కోర్టు దాకా వెళ్తుంది, లాయర్లు, ఫోస్టర్ ఇల్లు (పిల్లల్ని తాత్కాలికంగా పెంచే వేరే కుటుంబం), అన్నీ కలిపి ఆ సీటుకి ఎన్నో రెట్లు, అదీ అదే పన్నుల్లోంచే. పిల్లల్ని తీసుకెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు ముందు అడగాల్సింది ఈ సీటునే. విచిత్రం ఏంటంటే అమెరికాలో ఫోస్టర్ కేర్‌కి వచ్చే ఫెడరల్ డబ్బు చాలావరకు పిల్ల ఇంట్లోంచి బయటికొచ్చాకే వచ్చేది, 2018లో చట్టం మార్చాకే అందులోంచి ముందుజాగ్రత్త సేవలకి కూడా వాడుకునే దారి దొరికింది.

ఇంగ్లండ్‌లో ఈ కథ ఒక దేశం మొత్తం మీద జరిగింది. 1999లో షూర్ స్టార్ట్ అని పేద ప్రాంతాల్లో చిన్నపిల్లల కుటుంబాల కోసం సెంటర్లు మొదలుపెట్టారు. 2010 తర్వాత కౌన్సిళ్ళకి, అంటే అక్కడి లోకల్ ప్రభుత్వాలకి, నిధులు కోసేశారు, కొన్ని వందల సెంటర్లు మూతపడ్డాయి, ముందే ఆదుకునే సేవల మీద ఖర్చు పదేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. అదే టైములో పిల్లల్ని రెసిడెన్షియల్ హోముల్లో పెట్టే ఖర్చు పైపైకి పోయింది, ఇప్పుడు కౌన్సిళ్ళ మెడకి చుట్టుకున్నది అదే. తర్వాత లెక్కలు తీస్తే షూర్ స్టార్ట్ దగ్గర్లో పెరిగిన పిల్లలు ఆస్పత్రిలో చేరడం తగ్గిందని తేలింది, అప్పటికి తలుపులకి తాళాలు పడిపోయాయి.

కాబట్టి ఫార్వర్డ్ పంపిన పెద్దలకి ఒక్కటే అడుగుతున్నా, ఈసారి మీ లోకల్ బడ్జెట్ డ్రాఫ్ట్ బయటికొచ్చినప్పుడు రెండు లైన్లు పక్కపక్కన పెట్టి ఐదేళ్ళు వెనక్కి చూడండి, ఒకటి డేకేర్, కుటుంబాలకి సాయం లాంటివి, రెండోది ఇంటికి దూరంగా ఉంచిన పిల్లల ఖర్చు. మొదటిది తగ్గుతూ రెండోది పెరుగుతుంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా ఇదే గ్రూపులో పెట్టండి.