2025లో నా ఇష్టాలపై శ్వేతపత్రం

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీలో ప్రతి మనిషికీ ఒక టాప్ టెన్ మొలుచుకొస్తుంది. ఎదురు ఫ్లాట్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఏడాదంతా చూసిన వెబ్ సిరీస్‌లకు ర్యాంకులు వేసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. పై ఫ్లాట్ నేవీ ఆయన భార్య కొరియన్ సీరియళ్లకు నక్షత్రాలు పంచిపెట్టారు. ఆఖరికి మా వాచ్‌మన్ కూడా, "ఈ ఏడు బాగున్నవి మూడే సినిమాలండి, మిగతావన్నీ ఏటో" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగకపోతే చెప్పకూడదని ఎక్కడా లేదు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా 7 శ్వేతపత్రాలు విడుదల చేసింది. అవి కావాలని దరఖాస్తు పెట్టుకున్న సామాన్యుడు నాకింతవరకు తగల్లేదు. నేను ఒక్కదానితోనే సరిపెడుతున్నాను.

నా ఉద్యోగం ఆడిట్ సెక్షన్‌లో. వోచర్ లేనిదే కన్నతల్లి మాటైనా పెండింగ్‌లో పెట్టే అలవాటు. కాబట్టి ఈ ఏడాది నాకేం నచ్చిందన్న విషయంలో నా మాట నేను నమ్మదలచుకోలేదు. రికార్డులు తెప్పించాను. ఓటీటీలో చూసినవాటి జాబితా, పాటల యాప్ పంపిన వార్షిక లెక్క, టికెట్లు బుక్ చేసినప్పుడు వచ్చిన మెయిళ్లు. అన్నీ ముందేసుకుని ఒక ఆదివారమంతా కూర్చున్నాను. సాయంత్రానికి తేలిందేమిటంటే, ఈ రికార్డుల్లో ఉన్న మనిషిని నేనెన్నడూ కలవలేదు.

ముందు ఓటీటీ సంగతి. మా ఇంట్లో అకౌంట్ ఒకటి, ప్రొఫైళ్లు నాలుగు. నా పేరు మొదట ఉండటంతో టీవీ వేయగానే అదే తెరుచుకుంటుంది. పక్కకు జరపాలంటే రిమోట్ మీద ఒక బటన్ నొక్కాలి. అంత శ్రమ మా ఇంట్లో ఎవరూ పడరు. దాంతో మా అత్తగారి టర్కీ ప్రేమకథలు, మా ఆవిడ చూసే వంటల పోటీలు, మావాడి వరస హత్యల డాక్యుమెంటరీలు అన్నీ నా ఖాతాలోనే జమయ్యాయి. ప్రేమించి, వండిపెట్టి, ఆనక చంపేసే కథలంటే నాకు ప్రాణమని ఆ యాప్ గట్టిగా నమ్ముతోంది. అలాంటి అభిరుచి ఉన్న మనిషి నిజంగా మా కాలనీలో ఉంటే ముందు పోలీసులకు చెప్పాలి.

ఈ విషయం అత్తగారి దృష్టికి తీసుకెళ్లాను. "అదేంటి అల్లుడుగారూ, మీ పేరు మీదే కదా ఉంది. మీరు చూడనిది మీ పేరు మీదకి ఎలా వస్తుంది?" అన్నారు. ఆడిట్‌లో పాతికేళ్లుగా నేను అందరినీ అడుగుతున్న ప్రశ్న అది. జవాబు దొరకలేదు.

రాత్రి భోజనాలయ్యాక నలుగురం కలిసి ఏదైనా చూద్దామని కూర్చుంటాం. అప్పుడు జరిగేది భద్రతామండలి సమావేశం. దెయ్యాలుంటే అత్తగారి వీటో. ఏడుపుంటే మా ఆవిడ వీటో. డబ్బింగ్ అయితే మావాడి వీటో. నాది పరిశీలకుడి హోదా. ట్రైలర్లు చూసి చూసి, చివరికి అందరం ఇరవైసార్లు చూసేసిన పాత కామెడీ సీన్ల దగ్గర ఏకాభిప్రాయం కుదురుతుంది. డైలాగ్ తెరమీద రాకముందే నలుగురం అనేస్తాం. ఏడాది మొత్తంలో నేను మొదలుపెట్టి, మధ్యలో లేవకుండా, శుభం కార్డు దాకా చూసిన కొత్త సినిమాలు నాలుగు. అందులో ఒకటి బస్సులో వేసింది, దిగే వీల్లేక చూశాను.

థియేటర్ విషయంలో వైజాగ్ వాడికి కొంచెం గర్వం ఎక్కువ. ఉండాలి కూడా. వేరే ఊళ్లలో సెంటర్ పేరు చూసి హాలుకి పేరు పెట్టుకుంటారు, ఇక్కడ హాలు పేరే సెంటర్‌కి పెట్టాం. చెప్పులు కొనడానికి వెళ్లేవాడూ, కళ్లజోడు బాగుచేయించుకునేవాడూ కండక్టర్‌తో "ఒక జగదాంబ" అనే అంటాడు. కానీ నా మెయిళ్లలో జగదాంబ వైపు వెళ్లిన దాఖలాలు పెద్దగా లేవు. సెప్టెంబర్ 24 రాత్రి షో ఒక్కటి కనబడింది, అదీ నా కార్డు మీద మావాడు వెళ్లింది. ఆ రాత్రి 10 గంటల ప్రీమియర్‌కి టికెట్ 1,000 రూపాయలకు అమ్ముకోవచ్చని ప్రభుత్వమే జీవో ఇచ్చింది. హీరోగారు ఉపముఖ్యమంత్రి కూడా. పాలకులకూ ప్రేక్షకులకూ మధ్య ఇంత నేరుగా లావాదేవీ జరగడం నా సర్వీసులో ఇదే చూడటం.

అర్ధరాత్రి దాటాక మావాడు గొంతు పోయి, జుట్టు నిండా కాగితం ముక్కలతో ఇంటికొచ్చాడు.

"కథేంట్రా?" అన్నాను.

"వినబడలేదు నాన్నా. అరుపులు."

వెయ్యి రూపాయలకు వచ్చేది ప్రవేశం మాత్రమే, కథ అందులో కలపలేదన్నమాట. వాడి కాలర్ మీద నుంచి ఒక కాగితం ముక్క తీసి చూశాను. 2019 కరెంటు బిల్లు. నేను ఫైల్ చేసి అటక మీద పెట్టిన కట్ట రెండు రోజులుగా ఎందుకు కనబడటం లేదో అప్పుడు అర్థమైంది.

ఇక ప్రత్యక్ష ప్రదర్శనలు. ఈ ఏడాది ఊళ్లో జరిగిన అతిపెద్ద షోలో నేను ప్రేక్షకుణ్ణి కాదు, కళాకారుణ్ణి. జూన్ 21, యోగా దినోత్సవం. ప్రధానమంత్రి వచ్చారు, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు పరిచారు, మూడు లక్షల పైచిలుకు జనంతో గిన్నిస్ రికార్డు కొట్టారు. మా ఆఫీసు వాళ్లం తెల్లవారుజామున మూడింటికే చేరిపోయాం. ఆసనాల్లో నాకు బాగా కుదిరింది శవాసనం. అందరూ లేచారు, నేను లేవలేదు. పక్కాయన తట్టి లేపితే కళ్లు తెరిచాను. బీచ్ రోడ్డు మీద మన కురుసుర జలాంతర్గామి 2002 నుంచి అదే ఆసనంలో ఉంది. దాన్ని మాత్రం టికెట్ కొని మరీ చూస్తారు.

సాహిత్యం విభాగానికి ఎంట్రీ ఒక్కటే వచ్చింది. ఆదివారం సాయంత్రాలు బీచ్‌లో మురీ మిక్చర్ తింటాను. ఒకసారి పొట్లం కాగితం ఎవరిదో సోషల్ జవాబుపత్రం. మౌర్య సామ్రాజ్యం పతనానికి ఐదు కారణాలని హెడ్డింగ్ పెట్టి, మూడు రాసేసరికి కాగితం అయిపోయింది. అక్షరాలు ముత్యాలు. రాత్రంతా ఆ మిగతా రెండు కారణాలు ఏమై ఉంటాయా అని టెన్షన్. మరుసటి ఆదివారం అదే బండి దగ్గర రెండు పొట్లాలు ఎక్కువ కొన్నాను. ఒకటి లెక్కల పేపరు, రెండోది హిందీ. ఏ రచయితా ఈ ఏడాది నన్నింత ఉత్కంఠలో పెట్టలేదు. మురీ మిక్చర్‌కి రసీదు ఇవ్వరు గనక ఈ పురస్కారం అభ్యంతరాలకు లోబడి ప్రకటిస్తున్నాను.

కైలాసగిరి గాజు వంతెన డిసెంబర్ 1న తెరిచారు. పొడవు 55 మీటర్లు. వెళ్లాను, కళ్లు మూసుకుని నడిచాను, వ్యూ చాలా బాగుందని మా ఆవిడ చెప్పింది.

ఈ శ్వేతపత్రంలో అసలు అధ్యాయం క్రికెట్. ఇక్కడ నా రికార్డులు స్పష్టంగా ఉన్నాయి, నాకు వ్యతిరేకంగా కూడా ఉన్నాయి. మహిళల ప్రపంచకప్‌లో మన జట్టు మ్యాచ్‌లు రెండు పీఎంపాలెం స్టేడియానికి వచ్చాయి. అక్టోబర్ 9న క్యాజువల్ లీవ్ పెట్టి దక్షిణాఫ్రికా మ్యాచ్‌కి వెళ్లాను. గెలిచేశాం అనుకుని నేను పాప్‌కార్న్ కోసం లేచాక డిక్లెర్క్ అనే అమ్మాయి 84 కొట్టి మ్యాచ్ లాక్కుపోయింది. 12న ఆదివారం కుటుంబసమేతంగా ఆస్ట్రేలియా మ్యాచ్‌కి వెళ్లాం. మనవాళ్లు 330 కొట్టారు. మహిళల వన్డేల్లో అంత స్కోరు అప్పటిదాకా ఎవరూ ఛేదించలేదని పక్క సీటాయన భరోసా ఇచ్చాడు. ఒక ఓవర్ మిగిలుండగానే ఛేదించేశారు. మన ఊళ్లో ప్రపంచ రికార్డు పుట్టింది. 18 రోజులు బతికింది. ఆ సంగతికి వస్తున్నాను.

19న ఇంగ్లండ్ మ్యాచ్ టీవీలో చూశాను. 4 పరుగుల తేడాతో పోయింది. 23న న్యూజిలాండ్‌తో ఆడినరోజు ఆఫీసులో ఆలస్యమై చూడలేదు, గెలిచారు. 26న బంగ్లాదేశ్ మ్యాచ్ సగం చూశాను, వానకి రద్దయింది. సగం చూస్తే సగం ఫలితం. ఇంత నిక్కచ్చిగా టాలీ అయిన లెక్క నా పాతికేళ్ల ఆడిట్‌లో నేను చూడలేదు. 30న ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. తుపాను వెళ్లాక సెల్లార్‌లో చేరిన నీళ్లు తోడుతూ నేను కింద ఉండిపోయాను. మనమ్మాయిలు ఏకంగా 339 ఛేదించి, వైజాగ్ రికార్డుని కొట్టిపారేశారు.

ఆ రాత్రి ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. మావాడు ఒక కాగితం మీద తేదీలు, ఫలితాలు, ఎదురుగా 'నాన్న చూశాడు', 'చూడలేదు' అని రాసి నా చేతికిచ్చాడు. ఆడిటర్ కొడుకు కదా. అత్తగారు మాత్రం మెత్తగా, "పాపం ఆ కడప పిల్ల, శ్రీచరణి, ఎంత కష్టపడి ఆడుతోందో అల్లుడుగారూ" అన్నారు. ఇక నేనేం చెప్పను.

నవంబర్ 2, ఫైనల్. ఒక ఫ్లాస్కు టీ, పాత దుప్పటి ఇచ్చి నన్ను మేడ మీదకు పంపించారు. ఫోన్ తీసేసుకున్నారు. వాటర్ ట్యాంకుకి ఆనుకుని, సముద్రం వైపు చూస్తూ, అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. అవతలి వీధిలో మొదటి టపాకాయ పేలినప్పుడు 52 పరుగులతో గెలిచామని నాకు తెలియదు. గెలిచామని మాత్రం తెలుసు. ఈ ఏడాది నాకు అన్నిటికంటే ఇష్టమైన మ్యాచ్ అదే, ఒక్క బంతీ చూడలేదు. 2005 ఏప్రిల్ 5న ఇదే వైజాగ్‌లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజున కూడా నేను ఆఫీసులోనే ఉన్నాను. ఇరవయ్యేళ్లుగా అది దురదృష్టమనుకున్నాను. అది దేశసేవ.

చివరగా సంగీతం. పాటల యాప్ రంగురంగుల అక్షరాలతో నా ఏడాదిని నాకే బహూకరించింది. నేను అత్యధికంగా విన్న కళాకారుడు: వాన. పాట కాదు, వట్టి వాన చప్పుడు. రెండో స్థానం సుప్రభాతం, అది నా అలారం. రేడియోలో విన్నవీ, స్నానాల గదిలో నేను స్వయంగా పాడుకున్నవీ ఎక్కడా లెక్కలోకి రాలేదు. "మీరు ప్రకృతి ప్రేమికులు" అని అభినందించి, స్నేహితులతో పంచుకోమంది.

ఈ వానకి బాధ్యులు మా ఆవిడ. రోజూ రాత్రి నా ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుని పడుకుంటుంది. సరే, ఎవరి అలవాటు వారిది. కానీ అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను. బయట గాలి, కిటికీల మీద వాన ఫెళఫెళ. కరెంటు పోయింది, ఫోన్‌లో ఛార్జింగ్ 12 శాతం. అప్పుడూ నా తలగడ పక్కన యాప్ వాన కురుస్తూనే ఉంది. "బయట ఫ్రీగా పడుతోంది కదా, డేటా పెట్టి మళ్లీ ఈ వానెందుకు?" అని అడిగాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఇది వృథా వ్యయమని ఈ పత్రంలో నమోదు చేసి, వివరణ కోరుతూ వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక మెమో అంటించాను.

మర్నాడు అదే మెమో వెనక జవాబొచ్చింది. ఆడిట్ నిబంధనల ప్రకారం యథాతథంగా జతచేస్తున్నాను:

"బయట వాన బయట ఉంది. మీ గురక లోపల ఉంది."