కరావోకేలో ఆడవాళ్ళు ఏ పాట పాడి ఏడిపించాలి?

జపాన్‌లో డిసెంబర్ వచ్చిందంటే ఆఫీసుల్లో బోనెన్‌కై అని ఒక తంతు ఉంటుంది. గడిచిన ఏడాదిని మర్చిపోవడానికి చేసుకునే విందు అన్నమాట. మొదటి విడతలో తిండీ తాగుడూ అయ్యాక నిజికై, అంటే రెండో విడత, చాలాసార్లు రికార్డు సంగీతం మీద పాటలు పాడుకునే కరావోకే గదిలోనే తేలుతుంది. అక్కడ ఒక ఆడమనిషి చేతికి డెన్మోకు, అంటే పాటలు వెతుక్కునే పలక, అందిందో లేదో, అప్పటిదాకా బడ్జెట్ గురించి మాట్లాడుకుంటున్న మగవాళ్ళందరూ ఉన్నట్టుండి సంగీత విద్వాంసులైపోతారు. "బారాదో (బల్లాడ్ అన్నమాట) ఏదైనా పాడండి. నెమ్మదిగా, గుండె పిండేసేది."

వినడానికి చిన్న కోరికే. దీని వెనక ఉన్న శాస్త్రాన్ని తేలిగ్గా తీసుకుని దెబ్బతిన్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి, టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లోని మన ఆడపిల్లలకైనా పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు కాస్త చరిత్ర. 1971లో కోబేలో దైసుకే ఇనోవే అనే వాయిద్యకారుడు వంద యెన్ల నాణెం వేస్తే పాడుకోవడానికి సంగీతం వినిపించే కరావోకే పెట్టె ఒకటి తయారుచేశాడు. పేటెంట్ తీసుకోలేదు. మనుషులు ఒకరినొకరు భరించడం నేర్చుకోవడానికి కొత్త దారి చూపించినందుకు 2004లో ఆయనకి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వించడానికి ఇచ్చే బహుమతే అయినా, భరించడం అన్న మాట మాత్రం చాలా సీరియస్‌గా తీసుకోవాల్సింది.

ఇక శాస్త్రానికొద్దాం. ఏడిపించే పాటని ఇక్కడ నకేరు ఉతా అంటారు. ఆడవాళ్ళు పాడే నకేరు ఉతాలో దుఃఖం నిజమైనదిలా అనిపించాలి గానీ నిజమైన దుఃఖం కాకూడదు, ఎందుకంటే అప్పుడు ఎవరో ఒకరు లేచి ఓదార్చాల్సొస్తుంది, గదికి కట్టిన డబ్బులు దండగ. గొంతు వణకాలి, మస్కారా చెదరకూడదు. ఇరవైల్లో ఉన్న అమ్మాయికి నకాషిమా మికా 2003లో పాడిన 'యుకీ నో హనా', అంటే మంచు పువ్వు, అన్నివిధాలా క్షేమం. ఉతాదా హికారు 'ఫస్ట్ లవ్' జోలికి వెళ్ళేముందు ఒకసారి ఆలోచించండి. 1999లో పదహారేళ్ళ పిల్ల స్వయంగా రాసి పాడిన పాట, ఎత్తుకోవడమే చివరి ముద్దులో సిగరెట్ రుచి దగ్గర ఎత్తుకుంటుంది. ఎదురుగా పొగతాగే మేనేజర్ కూర్చుని ఉంటే లేనిపోని అర్థాలొస్తాయి. మిసియా 'ఎవ్రీథింగ్' అయితే చిన్నప్పటినుంచీ ప్రాణాయామం చేసినవాళ్ళకి మాత్రమే.

అర్థం తెలియకపోతే ఎలా అని భయపడకండి. ఆ భయం ఇక్కడివాళ్ళకే లేదు. 'నాదా సోసో' పాడుతూ పాత ప్రియుణ్ణి తలుచుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు బోలెడుమంది. ఆ పాటని మొరియామా రియోకో రాసుకున్నది చనిపోయిన తన అన్నయ్య కోసం. హితోతో యో పాడిన 'హనామిజుకి' అమెరికాలో సెప్టెంబర్ 11 దాడుల తర్వాత శాంతిని కోరుకుంటూ పుట్టిన పాట, దాన్ని పెళ్ళిళ్ళలో పాడతారు. ఎవరికోసం ఏడుస్తున్నాం అన్నది ఎవరూ అడగరు, ఎంత శ్రుతిలో ఏడుస్తున్నాం అన్నదే లెక్క. ఆ లెక్క చూడ్డానికి మెషిన్ ఉంది. కింది స్వరంనుంచి పైకి జారుతూ అందుకోవడాన్ని షకురి అంటారు, అది ఎన్నిసార్లు చేశారో, గొంతు ఎన్ని సెకన్లు వణికిందో తెర మీద వేసి, వందకి మార్కులిచ్చి, ఇంత విరహానికి ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో కూడా చెప్తుంది. నా జీవితంలో నేను నిజంగా ఏడ్చిన రోజుల్లో ఒక్కసారి కూడా ఎవరూ కేలరీలు లెక్కకట్టలేదు.

నలభై దాటినవాళ్ళని ఎన్‌కా, అంటే పాతకాలపు జపనీస్ విషాద గీతాల, వైపు తోస్తారు. అసలు సరుకంతా ఇక్కడే ఉంది. మన అలంకార శాస్త్రం నాయికల్ని ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక అంటూ ఎనిమిది రకాలుగా విడదీసి చాలా శ్రమపడింది. ఎన్‌కాకి రెండు రకాలు చాలు: ఉత్తరానికి బయల్దేరిన ఆమె, ఉత్తరానికి చేరుకున్న ఆమె. మన వాస్తులో ఉత్తరం కుబేరస్థానం, అటువైపు బీరువా పెట్టుకుంటాం. ఇక్కడ ప్రేమ చెడిన ఆడమనిషిని అటు పంపిస్తారు, అదీ చలికాలంలో. మగవాడు వదిలేశాక దక్షిణాన వెచ్చగా ఒకినావాకి పోయి సముద్రం పక్కన మామిడిపండు తినొచ్చన్న ఆలోచన ఆ పాటలు రాసేవాళ్ళకి ఎందుకు తట్టలేదో నాకర్థం కాదు.

చేరుకున్న ఆమె పాట 'కితా నో యాదో కారా'. మియాకో హరుమి పాడింది, 1976లో జపాన్ రికార్డ్ అవార్డు కొట్టింది. ఉత్తరాది సత్రంలో కూర్చుని, అతను ఎప్పటికీ తొడుక్కోడని తెలిసి కూడా, చలికి వణుకుతూ అతనికోసం స్వెట్టర్ అల్లుతూ ఉంటుంది. మా అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చినప్పుడు ఈ పాట అర్థం చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించి, "వణికిపోతూ అల్లడమెందుకే, ఆ స్వెట్టరేదో తనే తొడుక్కోవచ్చుగా పిచ్చిమొద్దు" అంది. జపనీస్ సాహిత్యం మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

బయల్దేరిన ఆమె పాట ఇషికావా సయురి 1977లో పాడిన 'త్సుగారు కైక్యో ఫుయుగెషికి', అంటే త్సుగారు జలసంధిలో చలికాలపు దృశ్యం. టోక్యోలోని ఉఎనో స్టేషన్‌లో రాత్రి రైలెక్కి, మంచులో అఓమోరి రేవు దగ్గర దిగి, ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవికి వెళ్ళే ఓడెక్కి, గడ్డకట్టుకుపోయేలా ఉన్న సముద్రపు పక్షుల్ని చూసి ఏడుస్తుంది. 1988లో ఆ సముద్రం కింద సొరంగం తెరిచారు, రైల్వేవాళ్ళ ఓడలు ఆగిపోయాయి, 2016నుంచి అందులో షింకాన్సెన్, అంటే బుల్లెట్ రైలు, కూడా పోతోంది. అంటే ఇవాళ ఎవరికైనా మనసు విరిగితే టోక్యోలో టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి హొక్కైడోలో హకొదాతే దగ్గర్లో ఉండొచ్చు, మధ్యలో ఏడుపుకి టైం దొరకదు. పాత ఓడ ఒకటి అఓమోరి రేవులో మ్యూజియంగా మిగిలింది. దాని దగ్గరే ఈ పాటకొక స్మారక శిల.

ఈ ఇద్దరు ఆడవాళ్ళనీ ఉత్తరానికి తోలింది ఒకే మనిషి. ఆకు యూ అనే పాటల రచయిత. మగవాడే. మనకేం వింత కాదులెండి, క్షేత్రయ్య పదాల్లో నాయిక పడ్డ బాధంతా రాసిందీ మగవాడే. కాకపోతే ఆవిడకి కనీసం తిట్టే హక్కుంది, మువ్వగోపాలుణ్ణి మొహం మీదే నాలుగు అనేది. ఈవిడ అల్లికలు అల్లుతుంది.

ఇంతకీ నేను దెబ్బతిన్న సంగతి. మా కచో, అంటే సెక్షన్ పెద్ద, యాభైల్లో ఉన్న గంభీరమైన మనిషి, ఆఫీసులో ఆయన నవ్వడం కూడా ఎవరూ చూడలేదు. కరావోకే గదిలో టై వదులు చేసుకుని, కళ్ళు మూసుకుని, ప్రియుడు వదిలేసిన స్త్రీ అయిపోతారు. కూచిపూడిలో మీసాలు తీసేసి సత్యభామ వేసినవాళ్ళు కూడా జడ ఉంటేగానీ అంత లీనమయ్యేవారు కాదేమో. ఆయన్ని ఎవరూ "సార్, మీ వయసు మగవాళ్ళకి ఇంకేదైనా నప్పుతుంది" అనరు. తోకునాగా హిదేఆకి 2005నుంచి ఆడవాళ్ళ పాటలే ఏరి ఏరి పాడి ఆల్బమ్‌లకి ఆల్బమ్‌లు వేస్తే దేశమంతా ఎగబడి కొన్నది. మగవాడు ఆడదాని ఏడుపు ఏడిస్తే కళ, ఆడది ఏడవాలంటే మాత్రం ముందు ఎంపిక కమిటీ కూర్చోవాలి.

నేను చేసిన తప్పేంటంటే డెన్మోకు తీసుకుని త్సుగారు నొక్కేశాను. ప్రతి మనిషికీ ఒహాకో అని ఒక పాట ఉంటుంది, అది వాళ్ళ సొత్తు. త్సుగారు మా కచో గారిది. పైఅధికారి ఒహాకో ఎత్తుకోవడమంటే ఆయన కుర్చీలో కూర్చోవడమే. గదిలో తంబురీన్ మోత ఆగిపోయింది. అయినా మొదలెట్టాక ఆపితే బాగోదని అఓమోరిదాకా లాక్కొచ్చాను. సరిగ్గా ఓడెక్కి గొంతు పైకెత్తే చోట తలుపు తీసుకుని కుర్రాడు ఫ్రైడ్ చికెనూ ఊలాంగ్ టీలూ పట్టుకొచ్చాడు, ఈ కుర్రాళ్ళకి ఆ టైమింగ్ ప్రత్యేకంగా నేర్పుతారని నా అనుమానం. మెషిన్ డెబ్బై ఒకటి వేసింది. కచో గారు చాలా మర్యాదగా చప్పట్లు కొట్టి, "బాగుంది. మీకైతే యుకీ నో హనా లాంటిది ఇంకా నప్పేదేమో" అన్నారు.

ఆ తర్వాత అదే పాట ఆయన మళ్ళీ పెట్టుకున్నారు. సగంలో ఉండగా గోడకున్న ఫోన్ మోగింది, ఇంకో పది నిమిషాల్లో టైం అయిపోతుంది, పొడిగిస్తారా అని. నేను రిసీవర్ పట్టుకుని ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఇంకో అరగంట అన్నట్టు సైగ చేశారు. ఓడ ఇంకా రేవు దాటలేదు మరి.