మొదట చూసిన డాక్టరు చేతిలోనే సగం వైద్యం

గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రి బోర్డులకు కొదవ లేదు. సీటీ స్కాన్ కావాలంటే అర్ధరాత్రయినా తీస్తారు. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్) ఉంది. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి ఉన్నాయి. రెండు ఊళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. ఇంత దగ్గర దగ్గరగా ఇంత వైద్యం దొరికే ప్రాంతాలు తక్కువే. అయినా అరుదైన ఎముకల జబ్బుతో పుట్టిన పిల్లలు ఆ జబ్బు పేరేమిటో తెలియకుండానే ఇక్కడ పెద్దవాళ్లయిపోతున్నారు. హైవే మీద ఛాతీకి దెబ్బ తగిలి, బతికే అవకాశం ఉన్నవాళ్లు కూడా పెద్దాసుపత్రి గేటు దాకా రాకుండానే పోతున్నారు.

ఒకదానిలో ఏళ్లు వృథా అవుతాయి, ఇంకోదానిలో నిమిషాలు. విభాగాలు వేరు, డాక్టర్లు వేరు. కానీ పొరపాటు జరిగే చోటు ఒకటేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపించగానే మొదట చూసినవాళ్లు అక్కడితో ఆగిపోతున్నారు. అది ఎందుకు విరిగింది, దాని వెనక ఏం దెబ్బతింది అనే ప్రశ్న పక్కకు పోతోంది.

ముందు ఛాతీ సంగతి చూద్దాం. పక్కటెముక విరిగితే దానంతటదే అతుక్కుంటుందని అందరూ అంటారు. నిజమే. ప్రమాదం ఎముక అతుక్కోకపోవడంలో లేదు, నొప్పిలో ఉంది. నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గడు. కఫం లోపలే నిలిచిపోయి న్యుమోనియా పడుతుంది. వయసు మళ్లినవాళ్లలో మూడు నాలుగు పక్కటెముకలు విరిగితే అది ప్రాణం మీదికి వచ్చే దెబ్బే. మన దగ్గర ఇప్పటికీ కొన్నిచోట్ల ఛాతీ చుట్టూ బిగించి కట్టు కట్టి పంపుతున్నారు. కాలికి పనికొచ్చే ఆలోచన ఛాతీకి పనికిరాదు. కట్టు బిగిసేకొద్దీ ఊపిరి తగ్గుతుంది. నొప్పి తెలియకుండా చేసే నరాల బ్లాకులు, వెన్నులోకి సన్నని గొట్టంతో ఇచ్చే ఎపిడ్యూరల్ మందులు, ఊపిరి వ్యాయామం, ఇవీ అసలు వైద్యం. పక్కటెముకలు వరసగా రెండేసి చోట్ల విరిగి, ఊపిరి పీల్చినప్పుడు ఆ భాగం లోపలికి పోతున్న రోగికి కూడా ఒకప్పటిలా వెంటనే వెంటిలేటర్ పెట్టేయడం లేదు. ముందు నొప్పి తగ్గిస్తారు, అవసరమైన కొందరికి ప్లేట్లు వేస్తారు.

ఇంకో మోసం ఉంది. ఊపిరితిత్తి లోపల కమిలితే అది మొదటి గంటలో బయటపడకపోవచ్చు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. పడుకోబెట్టి తీసిన మొదటి ఎక్స్‌రేలో చాలా పక్కటెముకల విరుగుళ్లు కూడా కనిపించవు. పిల్లల పక్కటెముకలు మెత్తగా వంగుతాయి కాబట్టి ఒక్కటీ విరగకుండానే ఊపిరితిత్తి దెబ్బతినవచ్చు. 'ఎక్స్‌రే బాగానే ఉంది, ఇంటికెళ్లండి' అన్న మాట అందుకే అంత ప్రమాదం.

అన్నిటికంటే తొందరైనది, ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి ఛాతీలో చిక్కుకుపోవడం. ఊపిరి తీసిన ప్రతిసారీ గాలి లోపలికి చేరుతుంది, బయటికి రాదు. ఆ ఒత్తిడికి గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గిపోతుంది. మనిషి పడుకోలేడు, ఒక పక్క ఛాతీ కదలదు, స్టెత్ పెడితే అటువైపు శబ్దం రాదు, మెడ నరాలు ఉబ్బుతాయి, బీపీ జారిపోతుంది. ఇక్కడ ఎక్స్‌రే కోసం ఆగకూడదు. ముందు సూదితో గాలి వదలాలి. తర్వాత చంక కింద, అయిదో పక్కటెముకల సందు దగ్గర చిన్న గాటు పెట్టి ట్యూబ్ వేసి, దాని రెండో కొసను సీసాలోని నీళ్లలో మునిగేలా పెట్టాలి. లోపలి గాలి బుడబుడమని బయటికొస్తుంది. బుడగలు తగ్గాక, రోగి ఊపిరి తీస్తూ వదులుతుంటే ట్యూబ్‌లోని నీరు పైకీ కిందికీ ఆడుతుంది. ఛాతీ దెబ్బల్లో ఎక్కువ వాటికి ఈ ట్యూబ్, మంచి నొప్పి మందు సరిపోతాయి. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాల్సినవాళ్లు కొద్దిమందే.

మరి ఈ ట్యూబ్ ఏరియా ఆసుపత్రిలోనే ఎందుకు పడటం లేదు? డ్యూటీ డాక్టర్‌కు చేయి తిరగకపోవడం ఒక కారణం. భయం అంతకంటే పెద్ద కారణం. ట్యూబ్ వేశాక రోగి పోతే బంధువులు మీద పడతారన్న టెన్షన్ ఉత్తదేం కాదు. దాంతో చీటీ మీద 'రిఫర్డ్' అని రాసి 108 ఎక్కిస్తారు. నందిగామ నుంచి విజయవాడకో, నరసరావుపేట నుంచి గుంటూరుకో రావాలంటే దాదాపు గంట. ఛాతీలో గాలి బిగుసుకుపోతున్న మనిషికి ఆ గంట ఉండదు. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల పాటు రూ.1.5 లక్షల దాకా నగదు లేని చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025లో వచ్చింది. మంచి పథకమే. కానీ డబ్బు సమస్య తీరినా మొదటి ఆసుపత్రిలో ట్యూబ్ వేసే చెయ్యి కావాలి. ఆ చేతికి శిక్షణ ఇవ్వడం, జరగరానిది జరిగితే వెనక నిలబడటం ఆరోగ్య శాఖ బాధ్యత.

ఇక ఎముకల జబ్బులు. పిల్లాడు మంచం మీంచి దిగుతూ పడితే తొడ ఎముక విరిగిందంటే ఆశ్చర్యపోవాలి. ఏడాది తిరక్కుండా మళ్లీ విరిగిందంటే అనుమానించి తీరాలి. మనం మాత్రం కట్టు వేయించి, కాల్షియం సిరప్ కొని తెస్తాం. కొందరు పుత్తూరు కట్టుకు తీసుకెళతారు. ఏ కట్టయినా విరిగినదాన్ని నిలబెడుతుంది, ఎందుకు విరిగిందో చెప్పదు. కంట్లో తెల్లగుడ్డు నీలంగా ఉందా, పళ్లు రంగు మారి అరుగుతున్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా విరిగేవా అని అడిగితే ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అనే జబ్బు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఎముకకు పట్టునిచ్చే కొలాజెన్ అనే ప్రొటీన్ తయారీలోనే లోపం ఉంటుంది కాబట్టి కాల్షియం ఎంత పోసినా నయం కాదు. ఎముక కరిగిపోకుండా ఆపే పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ లాంటి మందులు సెలైన్‌లో ఎక్కించడం, ఎముక లోపల రాడ్లు వేయడం, కండరాల వ్యాయామం కలిస్తే చాలామంది పిల్లలు లేచి నడుస్తారు. జబ్బు పేరు తెలియని రోజుల్లో పిల్లాణ్ణి కొడుతున్నారేమోనన్న అనుమానం తల్లి మీదికి పోతుంది. ఆ తల్లికి జబ్బు పేరు తెలియడం కూడా వైద్యమే.

దొడ్డి కాళ్ల పిల్లలదీ ఇదే కథ. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి మళ్లీ మళ్లీ తాగిస్తారు, కాళ్లు మారవు. అప్పుడు చేయాల్సింది రక్తంలో ఫాస్ఫరస్ పరీక్ష. కొందరిలో పుట్టుకతోనే ఫాస్ఫరస్ మూత్రంలో పోతూ ఉంటుంది. వాళ్లకు ఫాస్ఫేట్‌ను రోజుకు చాలాసార్లు, దాంతోపాటు క్రియాశీల విటమిన్ డి (ఒంట్లో నేరుగా పనిచేసే రూపం) ఇవ్వాలి. ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే రకం తండ్రికి ఉంటే కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. కుటుంబ చరిత్ర అడిగితే సగం తెలిసిపోయేది ఇలాంటి చోటే. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రిపోర్టు మరీ తక్కువగా వస్తే కూడా పట్టించుకోవాలి. పెరిగితేనే జబ్బు అనుకోవడం అలవాటైపోయింది. అది తక్కువగా ఉండే హైపోఫాస్ఫటేషియా అనే ఎముకల జబ్బులో, ఇందాక చెప్పిన జోలెడ్రోనేట్ లాంటి మందులే హాని చేయవచ్చు.

మేనరికాల సంగతీ చెప్పుకోవాలి. ఎముక రాయిలా గట్టిపడి మూలుగకు చోటు లేకుండా చేసే ఆస్టియోపెట్రోసిస్‌లో పసిబిడ్డలకు వచ్చే తీవ్ర రకం, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితే వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఆ అవకాశం ఎక్కువ. రక్తం పట్టదు, చూపు పోతుంది. మూలకణాల మార్పిడి తొందరగా జరగాలి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం ఈ జబ్బును ఒక్కసారి చేసే చికిత్సతో నయమయ్యే జబ్బుల మొదటి గ్రూపులో పెట్టింది. ఆ విధానం కింద ఇచ్చే సాయం 2022లో రూ.50 లక్షల దాకా పెరిగింది. అయితే అది గుర్తింపు పొందిన కేంద్రం ద్వారానే అందుతుంది. తెలుగువాళ్లకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి నడిచే సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల కేంద్రం. పల్నాడు పల్లె నుంచి అక్కడికి పోవాలంటే ముందు అలాంటి కేంద్రం ఒకటుందని ఎవరో చెప్పాలి.

పల్నాడు, ప్రకాశంలో మరో చిక్కుంది. మన దేశంలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఎముకల్ని ఎలా బిగించేస్తుందో వైద్యలోకానికి 1937లో తెలిసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. అప్పటి నుంచి కాళ్లు వంకరపోయిన ప్రతివాళ్లకీ 'మా ఊరి నీళ్లే అంత' అన్న మాట అలవాటైంది. నీళ్ల వల్ల కానివి కూడా ఆ మాట కింద దాక్కుంటున్నాయి. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నుతో పక్కటెముకలు కలిసే కీళ్లు బిగుసుకుపోయి ఛాతీ కదలదు, మనిషి పొట్టతోనే ఊపిరి తీస్తాడు. ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా తీవ్ర రకాల్లోనూ ఎక్కువగా ప్రాణం తీసేది ఊపిరితిత్తుల సమస్యే. అలాంటి మనిషి బైకు మీంచి పడి రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకుంటే, మామూలు మనిషికి వేసే లెక్క సరిపోదు. ఎముకల డాక్టరు, ఛాతీ డాక్టరు ఒకే రోగి పక్కన నిలబడాల్సిన సందర్భం ఇది.

నెలకోసారైనా గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఎముకలు, పిల్లలు, హార్మోన్ల విభాగాల డాక్టర్లు కలిసి కూర్చునే ఓపీ పెట్టి, హైదరాబాద్ కేంద్రానికి అక్కడి నుంచే కాగితాలు పంపితే సగం తిరుగుడు తప్పుతుంది. ఛాతీ దెబ్బతో ఇంటికి పంపే ప్రతి రోగి చేతిలో తెలుగులో ఒక కాగితం పెట్టాలి. దగ్గు వస్తే దిండు అదిమిపట్టి దగ్గమని, మూడు బంతుల గొట్టంతో గంట గంటకీ ఊపిరి సాధన చేయమని, ఆయాసం పెరిగినా, జ్వరం వచ్చినా, కఫంలో రక్తం పడినా తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయమని అందులో రాయాలి.